అగ్రీ టు డిసగ్రీకి ఆమెన్

గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. ఏటా ఒక పాఠం నిండా నుడికారాలే ఉంటాయి. పిల్లలు వాటి అర్థాలు బట్టీపట్టి వస్తారు. అడిగితే గడగడా చెప్పేస్తారు. సొంత వాక్యంలో వాడమన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందరూ అర్థం సరిగ్గా చెప్పి, వాక్యం మాత్రం తప్పు రాసే నుడికారం ఒకటుంది. అది అగ్రీ టు డిసగ్రీ.

ముదినేపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి, మా నాన్నా బాబాయీ అగ్రీ టు డిసగ్రీ అయ్యారు కాబట్టి ఇంటి మధ్యలో గోడ కట్టుకున్నారు అని రాసింది. వెనక బెంచీ కుర్రాడొకడు, హాస్టల్లో నా రూమ్మేటూ నేనూ అగ్రీ టు డిసగ్రీ, అందుకే మాటల్లేవు అని రాశాడు. ఇంకో పిల్ల ఏకంగా విడాకులే ఇప్పించింది. నేను ఎర్రసిరాతో కొట్టేసి, ఇది తెగతెంపులు, నేనడిగింది ఇది కాదు అని పక్కన రాస్తాను. వాళ్ళు నావంక జాలిగా చూస్తారు. గొడవ తేలకుండా ఇద్దరు మనుషులు ఒకచోట ఎలా ఉంటారు మేడమ్ అన్నది వాళ్ళ సందేహం.

సందేహం న్యాయమైనదే. పడనివాళ్ళ గురించి చెప్పుకోవడానికి మనకి మాటల కరువు లేదు. ఉప్పూ నిప్పూ అంటాం, ఎడమొహం పెడమొహం అంటాం, పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది అంటాం. కలిసిపోయినవాళ్ళకి పాలూ నీళ్ళూ ఉన్నాయి. మధ్యలో ఉన్నవాళ్ళకే చెప్పుకోదగ్గ మాట దొరకదు. 'ఎవరి మాట వాళ్ళదే' అని ఒకటుంది గానీ, దాన్ని మనవాళ్ళు లేచి నిలబడి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ అంటారు. ఇంగ్లీషువాళ్ళు తమ మాటని కూర్చునే అంటారు. చేతిలో టీ కప్పు అలాగే ఉంటుంది. వాదన మాత్రం కింద పెట్టేస్తారు.

అందుకని క్లాసులో నేను రెండు షరతులు చెబుతాను. ఒకటి, వాదించాల్సిందంతా వాదించేసి ఉండాలి. రెండు, ఆ సంగతిని అలా వదిలేసినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగకూడదు. మొదటిది టీచర్ల పుస్తకంలో ఉంది. రెండోది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. అది మా ఊరి నుంచి తెచ్చుకున్నది.

నిజానికి ఈ నుడికారం మీద నాకు నమ్మకం కుదరడానికి మా ఇల్లే కారణం. మావారిది గుడివాడ పక్కన రైతుల కుటుంబం. వాళ్ళింట్లో పూజ గది ఉంది, మా పుట్టింట్లో ప్రార్థన ఉంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఒకరినొకరు మార్చాలని చూసి, అలిసిపోయి, ఊరుకున్నాం. ఆదివారం ఆయన నన్ను గుడి దగ్గర, అంటే మా చర్చి దగ్గర, బండి మీద దింపి, బయట పేపరు చదువుకుంటారు. శుక్రవారం పూట ఆయన కొబ్బరికాయ కొడితే ఆ చిప్పలతో పచ్చడి చేసేది నేనే. ఎవరి దేవుడి వల్లా ఎవరికీ ఇబ్బంది రాలేదు. కాబట్టి ఆ మాట ఎక్కడైనా పనిచేస్తుందనే అనుకునేదాన్ని.

మా పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర. పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డలో బస్సు మారి వెళ్ళాలి. మా నాన్న తండ్రీ, మా అమ్మ తండ్రీ పరాయివాళ్ళ పొలాల్లో కూలి చేసిన మనుషులు. ఎలా కూడబెట్టారో గానీ, పక్కపక్కనే చెరో చెక్కా కొన్నారు. మా రెండు కుటుంబాల్లోనూ సొంత నేల అన్నది దాంతోనే మొదలు. రెండు చెక్కలకీ మధ్య ఒకటే గట్టు. తాతల తర్వాత ఇటువైపుది నాన్నకి వచ్చింది, అటువైపుది అమ్మ తమ్ముడికి, అంటే మా మావయ్యకి వచ్చింది.

ఉప్పెనలో సముద్రం వచ్చి ఆ పొలాల మీద నిలబడి వెళ్ళిందట. తర్వాత అక్కడ గడ్డి కూడా మొలవలేదు. కాలువలో నీళ్ళొచ్చినప్పుడల్లా పొలం నింపడం, నిలవబెట్టడం, మురుక్కాలువలోకి వదిలేయడం, మళ్ళీ నింపడం. అలా కొన్నేళ్ళు నేలని కడిగితే గానీ వరి పండలేదు. నాన్న అప్పటికి మీసాలొచ్చిన కుర్రాడు, మావయ్య ఇంకా నిక్కర్ల వాడు. ఇద్దరూ ఆ గట్టు మీద నిలబడి నీళ్ళు మళ్ళించినవాళ్ళే. నేల ఉప్పెక్కడమంటే ఏమిటో ఆ ఇద్దరికీ ఒకరు చెప్పక్కర్లేదు.

మావయ్య బందరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఊరొచ్చి, చుట్టూ చూస్తే అంతా రొయ్యల చెరువులే. తన చెక్కలో కూడా చెరువు తవ్వుతానన్నాడు. నాన్న వద్దన్నాడు. ఉప్పునీళ్ళు పెడతావు, గట్టు కింద నుంచి ఊట దిగుతుంది, నా వరి పోతుంది అన్నాడు. మావయ్య, వరిలో ఏం మిగిలి చచ్చింది బావా, చుట్టూ అందరూ తవ్వాక నేనొక్కణ్ణీ మానితే నీ నేల తియ్యగా ఉంటుందా అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అదే వచ్చిన చిక్కు. ఆ ఎండాకాలమంతా మా వసారాలో ఇదే వాదన. ఒకసారి మావయ్య చెప్పులేసుకుని సగం దారి వెళ్ళిపోయాడు, అమ్మ వెనకాలే పరుగెత్తి తీసుకొచ్చింది. ఈ ఇద్దరికీ మాటలు పోతాయేమోనని అమ్మ బెంగ. మా వైపు మగవాళ్ళు మాటలు మానుకుంటే ఆడవాళ్ళు గడపలు మానుకోవాలి. అది ఎవరూ చెప్పరు, అలా జరిగిపోతుంది.

ఒక ఆదివారం నేనూ మావారూ ఊళ్ళో ఉన్నాం. గుడి నుంచి వచ్చి, అన్నాలకి ముందు వసారాలో కూర్చున్నాం. మావయ్యా అత్తా కూడా మా ఇంటికే భోజనానికి వచ్చారు. మళ్ళీ అదే వాదన మొదలై, చల్లారి, ఇద్దరూ రొప్పుతూ ఊరుకున్నారు. అప్పుడు మావయ్య నావైపు తిరిగాడు. ఆఫీసులో ఇంగ్లీషు చిత్తుప్రతులన్నీ ఆయనే రాసేవాడు, ఆ భాషంటే ఆయనకి మోజు.

"అమ్మాయ్, మా ఆఫీసులో ఆఖర్న వచ్చిన సారొకాయన ఏదో అంటుండేవాడు. ఇద్దరికీ కుదరనప్పుడు, కుదర్లేదని ఇద్దరూ ఒప్పుకోవడం. ఏంటమ్మా ఆ మాట?"

"అగ్రీ టు డిసగ్రీ, మావయ్యా."

"అదీ! ఇదిగో బావా, నీ వరి నీది, నా చెరువు నాది. నువ్వు నన్ను తవ్వొద్దనకు, నేను నిన్ను తవ్వమనను. ఇంక మనిద్దరి మధ్యా ఈ సంగతి ఎత్తొద్దు. అగ్రీ టు డిసగ్రీ. ఏవంటావు?"

నాన్న తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "సరేలేవయ్యా. దీన్ని పట్టుకుని నీతో మాటలు మానుకుంటానా ఏంటి. కానివ్వు."

అక్కడితో ఆగి ఉంటే అది ఇంగ్లీషు మాటగానే ఉండేది. మా ఇళ్ళల్లో ఏదీ అలా ఆగదు. పునాదికి ప్రార్థన, కొత్త బండికి ప్రార్థన, పరీక్ష ఫీజుకి కూడా ప్రార్థన. పెద్దవాడు కాబట్టి నాన్న కళ్ళు మూసుకుని భోజనం ప్రార్థన మొదలుపెట్టి, అందులోనే ఈ ఒప్పందాన్ని కూడా కలిపేశాడు. ఈ చెరువు సంగతి మా ఇద్దరి మధ్యా మళ్ళీ లేవకుండా చూడు తండ్రీ, నీ ముందు ఒప్పుకుంటున్నాం అన్నాడు. మావయ్య గట్టిగా ఆమెన్ అన్నాడు. అత్త అంది, నేనూ అన్నాను. మావారు మర్యాద కొద్దీ చేతులు కట్టుకుని తలొంచారు. నాకు లోలోపల నవ్వొచ్చింది. ఇంగ్లీషువాళ్ళు టీ తాగుతూ అనేసి సాయంత్రానికి మర్చిపోయే మాటని మావాళ్ళు దేవుడి ముందు పెట్టేశారు. ఇక దాన్ని కదపడమంటే మాట తప్పడమే.

వారం తిరక్కుండా పొక్లెయిన్ దిగింది. చెరువు తవ్వారు, ఉప్పుటేరు నుంచి నీళ్ళు తోడారు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయి. బావా బావమరుదులు మాత్రం ఎప్పటిలాగే గుడిలో పక్కపక్కన కూర్చున్నారు. మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు, మా బావకీ నాకూ అగ్రీ టు డిసగ్రీ అండి అని. రేషన్ కొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర ఆ మాట నలిగింది. అయ్యగారు ప్రసంగంలో వాళ్ళిద్దర్నీ లేపి నిలబెట్టి, అభిప్రాయాలు కలవకపోయినా ఐక్యత ఎలా ఉండాలో వీళ్ళని చూసి నేర్చుకోండి అన్నారు. అయ్యగారంటే మా పాస్టరు గారు, మా వైపు అలాగే పిలుస్తాం. నాన్న సిగ్గుపడుతూ కూర్చున్నాడట. ఇవన్నీ అమ్మ ఫోనులో చెప్పేది. నేను కాస్త గర్వంగానే విన్నాను.

వానాకాలం సార్వా ఊడ్పులయ్యాయి. వానలు వెనకబట్టాక అమ్మ గొంతు మారింది.

"గట్టు వారన దుబ్బులు పిలకలెయ్యలేదే. ఆకు కొసలు మాడిపోతున్నాయి. ఎండెక్కాక చూస్తే నేల తెల్లగా పూత పూసినట్టుంది."

"నాన్న చూశాడా?"

"రోజూ పొద్దున్నే చూస్తాడు. చూసి అవతల గట్టు మీంచి చుట్టూ తిరిగొస్తాడు. ఏవండీ, వాడికి చెప్పండి అంటే, ఎత్తనని ఒప్పుకున్నాను కదా అంటాడు."

"పోనీ నువ్వే మావయ్యకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. బావ ఏమీ అనలేదే అక్కా, ఇబ్బందిగా ఉంటే బావే అంటాడుగా అన్నాడు. ఈయన అనడు, వాడు వినడు. ఇద్దరూ కలిసి కాఫీలు తాగుతారు. నాకు ఒళ్ళు మండిపోతోంది."

ఆ సాయంత్రం నాన్నతో మాట్లాడాను. ఆయన ఫోనులో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆరోగ్యం అడిగాను, మడి సంగతి అడిగాను. బానే ఉంది అన్నాడు. బాగా లేదని అమ్మ చెప్పిందన్నాను.

"నాన్నా, ఆ మాట అంత పట్టింపు మాట కాదు. ఇంగ్లీషులో ఊరికే అలా అనుకుంటారు. అవసరమైతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. తప్పేం లేదు."

"ఇంగ్లీషులో తప్పు లేదేమోనమ్మా. నేను ప్రార్థన తెలుగులో చేశాను."

ఆయన మొండివాడు కాదు. మొండివాడైతే నాకు కోపం వచ్చేది, సులువుగా ఉండేది. తన తండ్రి కొన్న నేల, తను ఏళ్ళ తరబడి కడిగి తెచ్చుకున్న నేల, మళ్ళీ తన కళ్ళ ముందే ఉప్పెక్కిపోతుంటే నోరు మూసుకుని గట్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఆ మడి పోతే ఆయనకి ఇంకో మడి లేదు. ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. మావారు ఏమైందని అడిగితే, మీ దేవుడూ మా దేవుడూ గట్టు కింద నుంచి ఊటలు దిగరు, అదృష్టవంతులం అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, చెప్పాక అర్థమైంది.

తర్వాతి నెల మొదటి ఆదివారానికి ఊరెళ్ళాను. మొదటి ఆదివారం అంటే మా గుడిలో సంస్కారం ఉంటుంది. వరసల ప్రకారం లేచి ముందుకెళ్ళి, బల్ల దగ్గర మోకరించి, రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలి. ఎవరితోనైనా మాటల్లేనివాళ్ళు, మనసులో కక్ష ఉన్నవాళ్ళు లేవకూడదు. వెళ్ళి సమాధానపడి, అంటే మనసులు కలుపుకుని, తర్వాతి నెల తీసుకోవాలి. ఎవరి లెక్క వాళ్ళకీ దేవుడికీ మధ్య అని అంటారు గానీ, ఆ రోజున లేచినవాళ్ళని ఎవరూ చూడరు. లేవనివాళ్ళనే గుడంతా చూస్తుంది. మధ్యాహ్నానికల్లా ఎవరికి ఎవరితో చెడిందో ఊరికి తెలిసిపోతుంది. సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. పోలీసు స్టేషన్‌కి వెళ్ళాల్సిన తగాదాలు మా ఊళ్ళో సగం అలాగే తెమిలిపోయాయి.

మగవాళ్ళ వైపు నాన్నా మావయ్యా ఒకేసారి లేచారు. పక్కపక్కన మోకరించారు. అయ్యగారి మొహంలో తృప్తి నాకు కనిపించింది. తర్వాత ఆడవాళ్ళ వరసలు లేచాయి. మా వరస వచ్చింది. నేను లేచాను, అత్త లేచింది. అమ్మ కూర్చునే ఉంది.

"లే అమ్మా," అన్నాను.

"నువ్వెళ్ళు."

"ఏమైంది?"

"నువ్వెళ్ళవే. వెనకాల జనం ఉన్నారు."

అమ్మ సంస్కారం మానడం నా ఎరుకలో లేదు. జ్వరంతో కూడా వెళ్ళి మోకరించేది. ముసుగు నుదుటి మీదకి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అంతమంది చూపుల మధ్య నిటారుగా కూర్చుంది. నేను బల్ల దగ్గర మోకరించాను గానీ నా ధ్యాసంతా వెనకాలే ఉంది. తిరిగొస్తుంటే నాన్న తల తిప్పి అమ్మని చూస్తున్నాడు.

అన్నాలు తిన్నామనిపించుకున్నామో లేదో అయ్యగారూ ఇద్దరు పెద్దలూ వచ్చేశారు. నాన్న కుర్చీలు వేశాడు. నేను టీ పెట్టాను.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నారు అయ్యగారు.

"ఒళ్ళు బానే ఉందండి. మనసే బాలేదు. మనసు బాలేకుండా బల్ల దగ్గరికి రాకూడదని మీరే చెప్తారుగా."

"ఎవరితోనమ్మా?"

"ఈయనతోనండి. మా తమ్ముడితోనూ."

నాన్న ఉలిక్కిపడ్డాడు. "నాతో గొడవేంటే నీకు? నేనేమన్నాను?"

"ఏమీ అనలేదనేగా గొడవ. మీకూ మా తమ్ముడికీ ఏ గొడవా లేదంట. అందుకని అది నాకొచ్చి చుట్టుకుంది."

ఒక పెద్దాయన మావయ్యకి కబురు పంపించాడు. మావయ్య వచ్చి, సంగతి విని, కాస్త నొచ్చుకున్నట్టే మాట్లాడాడు. "అయ్యగారూ, మేమిద్దరం అగ్రీ టు డిసగ్రీ అనుకున్నాం కదండీ. ప్రార్థన చేసి మరీ ఒప్పుకున్నాం. మీరే ప్రసంగంలో కూడా చెప్పారు."

"మీరు ఒప్పుకున్నార్రా. నేను ఆమెన్ అనలేదు," అంది అమ్మ. "అప్పుడు నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. నన్నెవరన్నా పిలిచారా, అడిగారా?"

పెద్దాయనకి నవ్వొచ్చి దగ్గుతో సర్దుకున్నాడు. అయ్యగారు నవ్వలేదు. తన ప్రసంగం గుర్తొచ్చినట్టుంది, టీ గ్లాసు కింద పెట్టేశారు. నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఇంగ్లీషు మేడమ్‌వి. ఆ మాటకి సమాధానపడటమనేగా అర్థం?"

"కాదండీ. వాదించడం ఆపడమని. సమాధానపడటం వేరు."

"వాళ్ళు ఆపారు సరే, నీళ్ళు ఆగాయా?" అంది అమ్మ లేచి. "రండి, చూద్దురు గాని."

ముందు అమ్మ నడిచింది, వెనకాల మేమంతా. పెద్దలు ఆదివారం బట్టల్లో ఉన్నారు, పంచెలు ఎత్తి కట్టుకున్నారు. ఒక పక్క మావయ్య చెరువు నిండుగా, ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ ఉంది. రెండో పక్క గట్టు వారన పొడుగునా నాన్న వరి గోధుమరంగుకి తిరిగి, జానెడెత్తు దగ్గరే ఆగిపోయింది. అవతల మిగిలిన చేను పొట్ట మీదుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళెవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. అయ్యగారు వంగి తెల్లటి మట్టి చిదిపి చూశారు.

నాన్న ఇంకా మాట్లాడలేదు. అయ్యగారే ఆయన భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు నోళ్ళు కట్టేసుకోమని అడగడండీ. మాట్లాడండి, ఏం పర్వాలేదు," అన్నారు.

అప్పుడు నాన్న మాట్లాడాడు. మాట్లాడాడు అనడం తక్కువ. ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"కళ్ళు కనపడట్లేదా నీకు? ఉప్పెన తర్వాత ఈ నేలని ఎన్నేళ్ళు కడిగాం? నువ్వూ నేనూ ఇక్కడే నిలబడి కడిగాం కదరా! నీకు తెలియదా ఇది ఏమవుతుందో? రోజూ పొద్దున్నే ఇటు వస్తావు, మేత చల్లుతావు, ఇటు చూస్తావు. చూసి కూడా నోరెత్తలేదే నువ్వు!"

'ఒరే' అని, 'రా' అని నాన్న మావయ్యని ఎప్పుడూ అనలేదు. 'ఏమయ్యా బావమరిదీ' అన్నదే ఆయన పిలుపు. మావయ్య మొహం ఎర్రబడింది. ఆయన కూడా అరిచాడు.

"చూశాను! నారు తిప్పుకున్నప్పుడే చూశాను. రోజూ చూస్తున్నాను. నువ్వు అడుగుతావని చూశాను బావా. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అనుకున్నాను. గుడిలో పక్కన కూర్చుని పాట పుస్తకం నాకు పట్టుకున్నావే గానీ ఒక్క మాట అడగలేదు. నువ్వడగనప్పుడు నేనెలా ఎత్తుతాను? నేనూ ఆమెన్ అన్నవాణ్ణేగా?"

"నువ్వు చెప్తావని నేను చూశాను!"

ఇద్దరూ రొప్పుతూ ఒకరినొకరు చూసుకున్నారు. నాకు భయం వేసింది, వెంటనే ప్రాణం కుదుటపడినట్టూ అయింది. ఎండాకాలం నుంచి ఊరంతా మెచ్చుకున్న ఐక్యత వెనక ఇద్దరు మనుషులు ఒకరి నోటివైపు ఒకరు చూస్తూ గడిపేశారు. మావయ్య చెడ్డవాడేమీ కాదు. కానీ అడగనంత కాలం చెరువు నడుస్తుందన్న లెక్క ఆయన మనసులో ఓ మూల ఉండే ఉంటుంది. నేను ఆయన్ని ఆ సంగతి అడగలేదు. ఆయన కోసం అడగకపోవడమే మంచిదనిపించింది.

ఆ పూటంతా తిట్టుకున్నారు. పాత సంగతులు కూడా బయటికొచ్చాయి, వాటికీ చెరువుకీ సంబంధం లేదు. పెద్దలు మధ్యలో కూర్చుని వినవలసినదంతా విన్నారు. పొద్దువాలేసరికి ఒక మాట కుదిరింది. రొయ్య చేతికొచ్చేదాకా చెరువు ఉంటుంది, ఈలోగా రెండింటి మధ్యా లోతుగా ఒక కాలువ తవ్వి, దిగే ఊటని మురుగులోకి లాగేయాలి, ఆ ఖర్చూ నేలా మావయ్యవే. తర్వాతి పంటకి చెరువు ఉంచాలా, పూడ్చాలా అన్న దగ్గర ఇద్దరూ మళ్ళీ మొదటికొచ్చారు. అక్కడ ఎవరూ రాజీ పడలేదు. ఈసారి ప్రార్థన అయ్యగారు చేశారు, చిన్నదిగా చేశారు. అమ్మ దగ్గరుండి ఆమెన్ అంది.

గట్టు వారన వరి కోతకి రాలేదు, పశువులకి కోసి వేశారు. మిగతా చేను గట్టెక్కింది. తర్వాతి నెల అమ్మ సంస్కారానికి లేచింది. అంతవరకూ బాగానే ఉంది గానీ, మావయ్యా నాన్నా మునుపటిలా పక్కపక్కన కూర్చోవడం మాత్రం మానేశారు. మధ్యలో ఒకాయన ఉంటాడు. ఇద్దరూ ఆయన మీదుగా వంగి మరీ మాట్లాడుకుంటారని, అయ్యగారు రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చిందని అమ్మ చెప్పింది.

ఈ ఏడు కాలువలకి నీళ్ళు వదిలాక ఊరెళ్ళాను. పొద్దున్నే నాన్నకి టీ పట్టుకుని చేలోకి వెళ్ళాను. చేనంతా దమ్ము చేసి ఊడ్పులకి సిద్ధంగా ఉంది. గట్టు వార ముక్క మాత్రం అడ్డంగా చిన్న గట్టు వేసి విడిగా ఉంచారు.

"ఇక్కడ ఊడ్చరా నాన్నా?"

"ఈ ఏడు కాదమ్మా. కడగాలి. ఉప్పు దిగాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"దిగినన్నాళ్ళు."

ఆయన గ్లాసు పట్టుకుని తెల్లబారిన ఆ ముక్కని చూస్తూ నిలబడ్డాడు. ఈ వయసులో ఆయనకి మళ్ళీ ఈ పని పడింది. ఊట కాలువ అవతల మావయ్య లుంగీ ఎగ్గట్టి నీళ్ళు తోడే ఇంజనుతో కుస్తీ పడుతున్నాడు. చెరువు ఇంకా ఉంది. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

"ఏవయ్యా," అని కేకేశాడు నాన్న. "ఎప్పుడు పూడుస్తున్నావు?"

"పూడ్చను."

"పూడ్చకపోతే నా నేల తేరుకోదు."

"నేను పూడ్చినా ఆ పక్కోడి చెరువుంది, ఈ పక్కోడి చెరువుంది. నేను పూడ్చను బావా, ఎన్నిసార్లు చెప్పాలి?"

అంటూనే మావయ్య ఇంజను తాడు లాగాడు. అది రెండుసార్లు మొరాయించి అందుకుంది. దాని గొట్టం ఒక కొస చెరువులో ఉంటుందనుకున్నాను. లేదు, మంచినీళ్ళ కాలువలో ఉంది. రెండో కొస ఊట కాలువ మీదుగా ఇటు వచ్చి మా ముక్కలో పడుంది. గొట్టం ఉబ్బి, ఎర్రటి కాలువ నీళ్ళు ఆ తెల్లటి నేల మీదకి పడసాగాయి. నాన్న టీ గ్లాసు నాకిచ్చి, పారతో చిన్నగట్టు సరిచేయడానికి దిగాడు.

"రేపు కూడా అడుగుతాను," అన్నాడు తలెత్తకుండా.

"అడుగు బావా," అన్నాడు మావయ్య. "నువ్వడుగు."